2020 అమెరికా ఎన్నికల్లో మోసం జరిగిందన్న వాదనపై రిపబ్లికన్లలోనే ఎందుకు చీలిక వచ్చింది?

అసలు ఇక్కడ రెండు వాదనలు కలిసిపోయాయి. కోవిడ్ సమయంలో పోస్టల్ ఓటు నిబంధనలను చట్టసభలను కాదని అధికారులు, కోర్టులు మార్చాయన్నది ఒకటి. అది చర్చించదగ్గ విషయమే. ఓట్లనే దొంగిలించారన్నది రెండోది. దీనికి మాత్రం ఆధారం దొరకలేదు. ఆ మాట 2020 డిసెంబర్ 1న చెప్పింది ట్రంప్ నియమించిన అటార్నీ జనరల్ విలియం బార్: ఫలితాన్ని మార్చేంత మోసం తమకు కనబడలేదని.

జార్జియా రాష్ట్రం సంగతి చూస్తే చీలిక ఎంత లోతో తెలుస్తుంది. అక్కడ ఎన్నికల బాధ్యత చూసిన బ్రాడ్ రాఫెన్‌స్పర్గర్ కూడా రిపబ్లికనే, ట్రంప్ గెలవాలని కోరుకున్నవాడే. దాదాపు 50 లక్షల బ్యాలెట్లను చేత్తో మళ్లీ లెక్కపెట్టించారు. అయినా గెలిచింది బైడెనే, అధికారిక ఆధిక్యం 11,779. 2021 జనవరి 2న ట్రంప్ రాఫెన్‌స్పర్గర్‌కు ఫోన్ చేసి 11,780 ఓట్లు కావాలన్నారు, అంటే సరిగ్గా ఒక్క ఓటు ఎక్కువ! రాఫెన్‌స్పర్గర్ కుదరదన్నారు. సొంత పార్టీ అధ్యక్షుడికి అలా చెప్పడానికి చాలా ధైర్యం కావాలి.

అయినా నాలుగు రోజులకే అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్)లో 147 మంది రిపబ్లికన్ ప్రజాప్రతినిధులు ఫలితాలపై అభ్యంతరానికి ఓటేశారు. పార్టీ ఓటర్లలో ఎక్కువమంది ట్రంప్‌నే నమ్మారు మరి. ఆయన్ని ఎదిరించిన రిపబ్లికన్ ప్రజాప్రతినిధి లిజ్ చెనీ 2022 ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) చిత్తుగా ఓడారు. రాఫెన్‌స్పర్గర్ మాత్రం అదే ఏడాది నెగ్గారు.