‘ప్రతి మూలకమూ కాదు’ అంటే ఎన్ని కావు?

సందేహం: తెలుగు మాధ్యమంలో లెక్కలు చదువుతున్నాను. ‘ప్రమేయం సంగ్రస్తం కాకపోవడం అంటే ఏమిటి?’ అన్న ప్రశ్నకు ‘సహప్రదేశంలోని ప్రతి మూలకాలు ప్రతిబింబాలు కావు’ అని రాశాను. తప్పన్నారు. నా తప్పు లెక్కలోనా, తెలుగులోనా? అసలు ‘సంగ్రస్తం’ అనే మాటకు అర్థం ఏమిటండీ?

సమాధానం: తప్పు తెలుగులోనే ఉంది. కానీ దానివల్ల లెక్క కూడా తప్పినట్టు కనిపించింది. లెక్కలు కొత్తవాళ్ల కోసం ఒక మాట: ఒక సమితిలోని ఒక్కో మూలకానికి ఇంకో సమితిలోని ఒక మూలకాన్ని జతచేసేది ప్రమేయం. మొదటి సమితి ప్రదేశం, రెండోది సహప్రదేశం, అలా జతపడిన మూలకం ప్రతిబింబం.

ముందు చిన్న సవరణ. ‘ప్రతి’ తర్వాత ఏకవచనమే రావాలి: ప్రతి మూలకం. బహువచనమే కావాలంటే ‘అన్ని మూలకాలు’ అనండి. ఇది మార్కులు పోయేంత తప్పేమీ కాదు.

సంగ్రస్తంలో ఉన్నది మింగడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు ‘గ్రస్’. వ్యాధిగ్రస్తుడు, రాహుగ్రస్తం అన్న మాటల్లో మనకు పరిచయమే. ముందున్న ‘సం’ పూర్తిగా అన్న అర్థాన్నిస్తుంది. అంటే సహప్రదేశంలో ఏమీ మిగల్చకుండా మింగేసిన ప్రమేయం అన్నమాట. దీన్నే ఇంగ్లీషులో సర్జెక్షన్ అంటారు. బూర్బాకీ అనే ఉమ్మడి పేరుతో రాసిన ఫ్రెంచి గణితజ్ఞుల బృందం 1950లలో వాడుకలోకి తెచ్చిన మాటల్లో అదొకటి. అందులోని మొదటి ముక్కకు ఫ్రెంచిలో ‘పైన’ అని అర్థం. పైన పడడం కంటే మింగేయడమే నాకు నచ్చుతుంది, ఏమీ మిగల్లేదన్న సంగతి మాటలోనే ఉంది గనక. ‘ద్విగుణ ప్రమేయం’ అన్న మాటకు ఆ అదృష్టం లేదు. ద్విగుణం అనగానే రెండింతలని తడుతుంది. అన్వేకం (వేర్వేరు మూలకాలకు వేర్వేరు ప్రతిబింబాలు ఉండడం), సంగ్రస్తం అనే రెండు గుణాలూ ఉన్నదని ఎవరో ఒకరు విప్పి చెప్పాల్సిందే.

ఇప్పుడు మీ వాక్యం. −2, −1, 1, 2 అనే సమితిని ప్రదేశంగా తీసుకుని ఒక్కో సంఖ్యకు దాని వర్గాన్ని జతచేద్దాం. సహప్రదేశంలో 1, 4 మాత్రమే ఉంటే రెండూ ప్రతిబింబాలే, ప్రమేయం సంగ్రస్తమే. అదే సహప్రదేశంలో 3ని కూడా చేర్చండి. వర్గం చేసే నియమం మారలేదు, ప్రదేశమూ మారలేదు, అయినా సంగ్రస్తం కాకుండా పోయింది. 3 ఒక్కటే మిగిలిపోయింది.

ఇక్కడ ‘ప్రతి మూలకమూ ప్రతిబింబం కాదు’ అనండి. ఒకరికి ‘అన్నీ కావు, కొన్ని మాత్రమే’ అని వినిపిస్తుంది. అది నిజం. ఇంకొకరికి ‘ఒక్కటీ కాదు’ అని వినిపిస్తుంది. అది అబద్ధం, 1, 4 ఉన్నాయిగా! మీ జవాబు దిద్దినవారు రెండో అర్థం తీసుకుని ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేం, వాక్యం రెంటికీ చోటిచ్చింది. మాట్లాడేటప్పుడైతే ఈ టెన్షన్ లేదు. ‘అందరూ రాలేదు’ అంటే కొందరు వచ్చారని, ‘ఎవరూ రాలేదు’ అంటే ఒక్కరూ రాలేదని గొంతూ సందర్భమూ చెప్పేస్తాయి. ‘ప్రతి’కి అలాంటి స్థిరమైన జంట లేదు. పైగా వ్యతిరేక క్రియ వాక్యం చివర కూర్చుంటుంది, అది దేన్ని కాదంటోందో చదివేవాడు ఊహించుకోవాలి.

అందుకే ఆ ‘కాదు’ను వాక్యం చివరి నుంచి లోపలికి లాగండి: ‘ప్రతిబింబం కాని మూలకం సహప్రదేశంలో కనీసం ఒకటి ఉంది.’ కాని, లేని, రాని లాంటి వ్యతిరేక విశేషణాలు మన భాషకు దొరికిన వరం. పక్కనున్న నామవాచకాన్నే పట్టుకుంటాయి, అటూ ఇటూ జారవు. వాక్యం ‘ఉంది’తో ముగుస్తుంది గనక అనుమానానికి తావుండదు.

‘కనీసం’ అన్న మాటను మాత్రం వదలకండి. సంగ్రస్త ప్రమేయాన్ని నిర్వచించేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. ‘సహప్రదేశంలోని ప్రతి మూలకమూ ప్రదేశంలోని ఒక మూలకానికి ప్రతిబింబం’ అని రాస్తే, ఆ ‘ఒక’ను సరిగ్గా ఒకటి అని చదివేవాళ్లున్నారు. ‘కనీసం ఒక’ అనండి. పై లెక్కలో 1 అనేది 1కీ −1కీ కూడా ప్రతిబింబమే, దానివల్ల సంగ్రస్తానికి వచ్చిన లోటేమీ లేదు. ‘ఒకే ఒక’ అని రాశారా, అది ద్విగుణ ప్రమేయం నిర్వచనం అయిపోతుంది.