గాలి ఫ్యాన్లు పెడితే వానలు పోతాయా? పొలం ఇవ్వొచ్చా?

మీ ఊళ్లో 25 ఫ్యాన్లతో 50 మెగావాట్ల గాలి విద్యుత్ కేంద్రం వస్తోందనీ, వాటివల్ల వానలు పోతాయేమోననీ, అసలు ఆ కరెంటుతో ఒరిగేదెంత అనీ అడిగారు. నేను అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు అంతే సైజు సైట్‌లో మూడేళ్లు టెక్నీషియన్‌గా చేశాను. మాదీ వేరుశనగ పండించే ఇల్లే.

వానల భయం మా ఊళ్లోనూ ఉంది. మబ్బు కమ్మి చినుకు రాల్చకుండా వెళ్లిపోయిన ప్రతిసారీ మా పెద్దనాన్న ఫ్యాన్ల వైపే చూసేవాడు. అదునులో విత్తనం వేసి ఆకాశం వైపు చూసే మనిషి, ఆయన్ని తప్పుపట్టలేను. కానీ రెక్క కొస ఎంత పైకి లేచినా 150 మీటర్ల చిల్లర. వాన మబ్బులు దానికి చాలా పైన ఉంటాయి. మనకు వాన తక్కువ కావడానికి కారణం పడమటి కనుమలు. నైరుతి మబ్బులు నీళ్లు చాలావరకు కనుమలకు అటువైపే కురిపించేస్తే, మనదాకా వచ్చేది ఎక్కువగా గాలే. ఆ గాలి కోసమే ఫ్యాన్లు ఇక్కడికి వచ్చాయి. 1876-78లో ధాతు కరువు వచ్చినప్పుడు ఇక్కడ ఒక్క ఫ్యాన్ కూడా లేదు.

ఇక కరెంటు సంగతి. సెకనుకు 3 మీటర్ల గాలి ఉంటే ఫ్యాన్ కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది, 12 మీటర్ల దగ్గర ఫుల్ లోడ్ అందుకుంటుంది. గాలి వేగం రెండింతలైతే అందులో శక్తి ఎనిమిదింతలవుతుంది. అందుకే మార్చిలో కొన్ని రోజులు స్క్రీన్ మీద అన్నీ సున్నాలే. అదే ఆషాఢంలో అర్ధరాత్రి చూడాలి! ఫ్యాన్‌కొకటి చొప్పున ఉన్న 25 గడుల్లోనూ ఫుల్ లోడైన 2,000 కిలోవాట్ల దగ్గర అంకెలు ఆడుతుంటాయి. సోలార్ ప్లేట్లు ఒక్క యూనిట్ కూడా ఇవ్వలేని వేళ అది. అలాంటి రాత్రుల్లో డ్యూటీ చేస్తూ నాకు నిద్ర వచ్చేది కాదు, అంత సంతోషంగా ఉండేది.

ఏడాది మొత్తం సగటు తీస్తే ఫుల్ కెపాసిటీలో పావు వంతు వస్తుందనుకోండి. దాదాపు 11 కోట్ల యూనిట్లు. నెలకు 125 యూనిట్లు వాడే ఇళ్లు 70 వేలకు పైగా నడుస్తాయి. అంత కరెంటు బొగ్గుతో తీయాలంటే సుమారు 70 వేల టన్నులు కాల్చాలి.

పొలం విషయంలో మాత్రం జాగ్రత్త. ఫ్యాన్ కింద సేద్యానికి అడ్డేమీ లేదు, దిమ్మెకూ క్రేన్ నిలిపే చోటుకూ పోగా మిగతాదంతా దున్నుకోవచ్చు. మాకు నష్టం చేసింది రోడ్డు. రెక్కలు తెచ్చే పొడవాటి ట్రైలర్ల కోసం మా చేను పక్కనున్న వంక (వాగు) మీద ఎత్తుగా మట్టి కట్ట పోశారు, కింద నీళ్లు పోయే పైపులు వేయలేదు. ఆ ఏడు ఒకే ఒక్క పెద్ద వాన పడింది. నీళ్లు తొమ్మిది రోజులు నిలిచి, కాయ కట్టే ఊడలు దిగిన వేరుశనగ చెట్లు పసుపెక్కి కుళ్లిపోయాయి. మా నాన్న ఒక చెట్టు పీకి కాయ నలిపితే వేళ్ల మధ్య బురదే మిగిలింది. రెండు నెలలు తిరిగితేగానీ తూము వేయలేదు.

కాబట్టి సంతకానికి ముందే రోడ్డు ఎటు పోతుందో చేను మీద నడిచి చూపించమనండి. వంక దగ్గర ఎన్ని పైపులు, ఎంత వెడల్పువి వేస్తారో కాగితం మీద రాయించుకోండి. గట్టి వాన పడిన మర్నాడు నీళ్లు పారే దారిని ఫోటోలు తీసి దాచుకోండి.