కెమెరా తీసే ముందు పని టైమ్ కనుక్కో

అమ్మణ్ణీ,

నీ మెసేజ్ చూశా. కెమెరా కొని మూడు నెలలైంది, "పెదనాన్నా, మన దగ్గర తీయడానికి ఏముంది, లడఖ్ పోతే గానీ ఐడియాలు రావు" అని రాశావు చూడు, చదివి నవ్వొచ్చింది. పో, కాదనను. కానీ అక్కడా అందరూ బండి ఆపే చోటే ఆపి, అందరూ తీసిన కొండనే తీసుకొని వస్తావు. ఐడియా తట్టకపోవడం ఊరి తప్పు కాదు. అక్కడ ఎవరు, ఏ టైముకి, ఏం పని చేస్తారో నీకు తెలియదు, అంతే. ఒంగోల్లో ముప్పై ఏళ్లు పెళ్లిళ్లు తీసినవాణ్ణి, నాకే ఈ సంగతి స్టూడియో మూసేశాక గానీ బుర్రకెక్కలేదు.

మొదటిసారి ఫొటోల కోసం ఒంగోలు దగ్గర సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నం పోయినప్పుడు నేనూ నీలాగే. చీకటితో లేచి, స్టాండ్ మోసుకుపోయి, సూర్యుడు సముద్రంలోంచి పైకొచ్చేదాకా ఇరవై ఫొటోలు తీసి, పనైపోయిందనుకొని టిఫిన్‌కి పోయా. ఇడ్లీ తిని వచ్చేసరికి, ఒడ్డు మీద నిలబడి లాగే అలివి వల వచ్చేసింది, చేపలు కూడా బుట్టల్లోకి ఎక్కేశాయి. నేను తీసిన సూర్యుడు ఎవరి ఫోన్లోనైనా ఉంటాడు. ఆ వల మాత్రం నాకు దొరకలేదు.

తర్వాతి సారి కెమెరా సంచిలోనే పెట్టి, ఒడ్డున తాడు చుట్టుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చుని మాటలు కలిపా. వల ఎప్పుడు వేస్తారు, లాగడానికి ఎంతసేపు పడుతుంది, ఎంతమంది పట్టాలి అని. పడవ మీద పోయి వలను సముద్రంలో వంపుగా వదిలి, రెండు కొసల తాళ్లు ఒడ్డుకి తెస్తారు. రెండు గుంపులు దూరదూరంగా నిలబడి లాగుతూ లాగుతూ దగ్గరకొస్తారు. తాడు నడుముకి ఆనించి వెనక్కి వాలతారు, మడమలు ఇసకలో దిగబడిపోతాయి. వెనకమాల చివరున్నవాడు తాడు వదిలేసి నడుచుకుంటూ నీళ్ల దగ్గరకెళ్లి మళ్లీ ముందు పట్టుకుంటాడు, అట్టా తిరుగుతూనే ఉంటారు. ఇది తెలిశాక ఏం తీయాలి అనే ప్రశ్నే రాలేదు నాకు. మడమలు తీశా, ఖాళీ చేతులతో నీళ్ల వైపు నడిచే మనిషిని తీశా, రెండు గుంపులు కలిసే ఆఖరి నిమిషం కోసం ముందే చోటు చూసుకొని నిలబడ్డా.

చోటు అంటే గుర్తొచ్చింది. మన తీరంలో పొద్దున వెలుతురు సముద్రం వైపు నుంచి వస్తుంది కదా, నువ్వు ఒడ్డున నిలబడి సముద్రం వైపు తీస్తే మనుషులు నల్లటి బొమ్మలైపోతారు. మొహాలు కావాలంటే ప్యాంటు మడుచుకొని నీళ్లలోకి దిగి, సముద్రానికి వీపు పెట్టి ఒడ్డు వైపు తీయి. అలను మాత్రం ఒక కంట కనిపెట్టుకో, నేను ఒక లెన్సుకి ఉప్పునీళ్లు తాగించాను. ఎగిరే తుంపర ఆగినట్టు పడాలంటే షట్టర్ సెకనులో 500వ వంతు పెట్టు. లాగే ఊపు కనపడాలంటే 15వ వంతు, పదిలో తొమ్మిది పాడవుతాయి, పోనీ.

ఉప్పు కొఠార్లకి పోతే ఇంకో సంగతి. కెమెరాకి తెలుపు తెలుపని తెలియదు, ఉప్పు కుప్పను బూడిద కుప్ప చేసి చూపిస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో పడే వెలుతురు, ప్లస్ ఒకటి పెట్టుకో. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ నల్లటి రాయి, దానికి ఇది తిరగేసి మైనస్ చెయ్యాలి. ఆ రాతిలో బంగారు చుక్కలు ఎదురుగా నిలబడితే మెరవవు, తల అటూ ఇటూ తిప్పుతూ పక్క నుంచి చూడు.

పక్షుల చెరువు చూడ్డానికి నేలపట్టు పోతానన్నావు. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది, మాకింకా నోట్లో నెల్లూరనే వస్తుంది.) గూడబాతుల్ని దగ్గరగా తీసే లెన్సు నీ దగ్గర లేదు, దానికోసం అప్పు చెయ్యొద్దు. అక్కడి రైతుల్ని అడుగు, పక్షుల రెట్ట కలిసిన చెరువునీళ్లు పొలానికి ఎరువులా పనిచేస్తాయని చెప్తారు. అప్పుడు నీ ఫొటో చెట్టు మీద ఉండదు, తూము దగ్గరో మళ్లోనో ఉంటుంది, మామూలు లెన్సు సరిపోతుంది.

నెల్లూరు రొట్టెల పండగ కూడా అంతే. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర జనం జనం అని అందరూ పైనుంచే తీస్తారు. నువ్వు నీళ్లలో దిగి చెవులు పెట్టు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, పిల్లల రొట్టె అని కేకేస్తుంటారు. కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు, తీరినవాళ్లు వచ్చి ఇస్తారు. ఇచ్చే మొహం వేరు, పుచ్చుకునే మొహం వేరు. రెండూ ఒక్క ఫ్రేములో, మధ్యలో తడి చేతులు. ముందు అడిగి తీయి, పిల్లల రొట్టె దగ్గర మరీనూ. ఎవరైనా వద్దంటే కెమెరా దించెయ్.

రీలు రోజుల్లో 36 ఫొటోలే ఉండేవి కాబట్టి ఆలోచించి తీసేవాళ్లం అని మా వయసువాళ్లు కోస్తుంటారు, నమ్మకు. ఆ 36లోనూ సగం చెత్తే. ఎన్నయినా తీసుకో. ఇన్‌స్టాలో ఎవరి ఫొటో అయినా నచ్చితే ఊరి పేరు కాదు, ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఎంత ముందు వచ్చి ఉంటాడు అని చూడు.

ఒకటి మాత్రం తప్పకుండా చెయ్యి. నాలుగు ప్రింట్లు వేయించి తీసుకుపోయి ఆ మనుషులకే ఇవ్వు. నేను కొత్తపట్నం పెద్దాయనకి ఇచ్చా, తాడు పట్టుకొని నిలబడమని నేను చెప్పి మరీ తీసిన ఫొటో. అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వు చెప్పావని ఇట్ట పట్టుకున్నా గానీ, లాగేటప్పుడు తాడు ఎవుడన్నా ఇట్ట పట్టుకుంటాడా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు. ఆ పొద్దు నుంచి ఎవరినీ నిలబడమనలేదు. ఆయన మాత్రం ఇప్పటికీ ముందురోజే ఫోన్ చేస్తాడు, రేపు వల వేస్తున్నాం రా అని.

ఈసారి ఫోనొస్తే నీకు చెప్తా, రాత్రికే ఒంగోలు వచ్చెయ్. నా పాత 50 ఎంఎం లెన్సు నీకిస్తాను, అంచున కొంచెం బూజు పట్టింది, ఎండకి ఎదురుగా పెట్టకుండా వాడుకో.

మీ పెదనాన్న