ఆవర్తనమా, ఆవృత్తా?

సందేహం: చరిత్రలో సమాజం ఒకే దారిన తిరుగుతుందనే సిద్ధాంతాల మీద ఇక్కడి తెలుగు సభకు వ్యాసం రాస్తున్నాను. 'పునరావృతం', 'ఆవర్తనం', 'ఆవృత్తి' – వీటిలో ఏది వాడాలి? 'మోడల్'ను ఏమనాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

సమాధానం: 'ఆవృతం' అంటే కప్పబడినది, మేఘావృతంలో ఉన్నది ఆ మాటే. తిరిగి వచ్చినది 'ఆవృత్తం', తిరిగి రావడం 'ఆవృత్తి'. కనుక వ్యుత్పత్తినిబట్టి పునరావృత్తం, పునరావృత్తి సాధువులు. ఒత్తు పోయిన రూపం వాడుకలో ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని దిద్దబోవడం నాకే చాదస్తమనిపిస్తుంది. 'మళ్లీ పునరావృతం' మాత్రం వద్దు.

అసలు చిక్కు మిగిలిన రెండింటి మధ్య ఉంది. ధాతువు ఒకటే అయినా, శాస్త్రగ్రంథాల్లో 'ఆవర్తన కాలం' స్థిరపడ్డాక ఆవర్తనానికి గడువు తప్పనిదనే అర్థం వచ్చింది. మన పంచాంగంలో 1987లో వచ్చిన ప్రభవ 60 ఏళ్లకు, 2047లో, వస్తుంది, అది ఆవర్తనం. మీరు ఒడియా పంచాంగంలో చూసే పూరీ గజపతి అంకం, అంటే పూరీ రాజు పాలన ఎన్నో ఏడో చెప్పే లెక్క, అలాంటిది కాదు. రాజు మారినప్పుడల్లా లెక్క మొదటికి వస్తుంది, అదీ 1తో కాక 2తో (6తో ముగిసే సంఖ్యలనూ, 10 తప్ప సున్నాతో ముగిసేవాటినీ దాటేస్తారు, కొత్తవారికి తల తిరిగే లెక్క). తిరిగి రావడం ఖాయమే, ఎప్పుడన్నది మాత్రం రాజుగారి ఆయుర్దాయాన్నిబట్టి ఉంటుంది. అది ఆవృత్తి.

సమాజ సిద్ధాంతాలు చాలావరకు ఈ రెండో కోవవే. 14వ శతాబ్దంలో అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ రాజవంశానికి మూడు తరాలు, అంటే సుమారు 120 ఏళ్లు, ఆయువు కట్టాడు గాని, ఆయన వాదానికి ప్రాణం ఆ అంకె కాదు. ఎడారి తెగను గెలిపించిన ఐకమత్యం నగర సుఖాల్లో సడలిపోతుందనే కారణం. 1920లలో సోవియట్ ఆర్థికవేత్త కొంద్రాత్యేవ్ చెప్పిన ఆర్థిక తరంగాలకూ 50 ఏళ్లన్నది అటూఇటూగా వేసిన లెక్కే. అందువల్ల వీటికి 'ఆవృత్తి' తగును.

'మోడల్'కు 'నమూనా' చాలు. కాకపోతే బట్టల కొట్లో చూపే మచ్చుముక్క కూడా నమూనాయే కనుక మొదటిసారి 'గణిత నమూనా' అనండి. సభలో వివరించడానికి కావడి పనికివస్తుంది: ఒక కుండ దిగితే రెండోది లేస్తుందనడం వర్ణన, రెండింటినీ కలిపిన బద్దను చూపడం నమూనా. జనాభా పెరిగితే కూలి ధర పడిపోవడం, కలవారిలో పదవుల పోటీ ముదిరి కల్లోలం రేగడం, దానితో జనాభా తగ్గడం – చరిత్రను గణితంతో పరిశీలించే పీటర్ టర్చిన్ సమీకరణాలుగా రాసినది ఇటువంటి బద్దనే. ఏ పొంతనా లేని యాదృచ్ఛిక సంఖ్యలను వరసగా కూడుతూ పోయినా తరంగంలాంటి గీత వస్తుందని 1927లో సోవియట్ గణాంకవేత్త స్లుత్‌స్కీ చూపాడు గనుక, బద్ద కనబడనిచోట 'చక్రం' అని రాయకండి. అక్కడికి 'హెచ్చుతగ్గులు' సరిపోతుంది.