ఉదయం నడిచి పగలంతా కూర్చునే షుగరు మనిషికి ఫోను ఎలా సాయపడుతుంది?

రోజూ తెల్లవారుజామున నడుస్తున్నా ఆ తర్వాత సాయంత్రం దాకా కుర్చీలోనే గడిచిపోతోందనీ, లేవమని గుర్తుచేసే యాప్ పెట్టుకుంటే టైప్ 2 షుగరుకు ఏమైనా మేలు ఉంటుందా అనీ అడిగారు. తప్పకుండా ఉంటుంది. నేను లెక్కలు రాసే మనిషిని, షుగరు ఉంది. ప్రతి నెలా 20వ తేదీ జీఎస్టీ గడువు దగ్గరపడితే టీ కూడా బల్ల మీదికే వస్తుంది. అలాంటి రోజుల్లో నన్ను కుర్చీలోంచి లేపుతున్నది ఫోనే.

ఉదయం నడక మానకండి. అయితే ఆ నడక చేసిన మేలు మధ్యాహ్నం అన్నం తిని కదలకుండా కూర్చున్నప్పుడు చాలదు. కండరం కదిలితే ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో కూడా రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది. కూర్చున్నంతసేపూ తొడలు, పిక్కలు ఆ పని దాదాపు మానేస్తాయి. ఆస్ట్రేలియా పరిశోధకులు టైప్ 2 ఉన్న 24 మందితో చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. అరగంటకోసారి లేచి మూడు నిమిషాలు మెల్లగా నడిచిన రోజునా, నిలబడి చిన్నపాటి కండరాల వ్యాయామాలు చేసిన రోజునా, తిన్నాక పెరిగే గ్లూకోజు కదలకుండా కూర్చున్న రోజుకన్నా బాగా తగ్గింది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా అరగంటకోసారి లేవమనే చెబుతోంది.

ఇక్కడే చాలా యాప్‌లు, వాచీలు మనకు సరిపోవు. యాపిల్ వాచీ గంటకోసారే గుర్తుచేస్తుంది. ఫిట్‌బిట్ గంటకు 250 అడుగులు వేశామా అని చూస్తుంది. మనకు కావలసింది అరగంట. అందుకే నేను ఫోనులో ఉండే మామూలు టైమరే వాడుతున్నాను, పైసా ఖర్చు లేదు. కూర్చోగానే ముప్పై నిమిషాలకు పెడతాను. గడియారం ప్రకారం మోగే అలారమైతే అప్పుడే తిరిగొచ్చి కూర్చున్నా మోగుతుంది. అలా రెండుసార్లు జరిగితే ఇక దాన్ని పట్టించుకోము. ఫోను బల్ల మీద పెట్టుకోను, ఎదుటి గోడ దగ్గర అలమరలో పెడతాను. ఆపాలంటే లేవాల్సిందే.

లేచాక ఏం చేయాలో కూడా ముందే అనుకుని ఉండాలి. లేకపోతే టైమరు ఆపేసి మళ్లీ కూర్చుంటాం. సీసా బదులు చిన్న గ్లాసు వాడితే నీళ్ల కోసం మాటిమాటికీ లేవాలి. ఫోను వస్తే నడుస్తూనే మాట్లాడండి. గదిలో చోటు లేకపోతే కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తి దించండి, సగం గుంజీలు తీయండి. ఊరికే నిలబడటం కన్నా ఇవి మేలు.

రోజంతా కుదరకపోతే మధ్యాహ్నం భోజనం తర్వాతి రెండు గంటలైనా వదలవద్దని నా గట్టి మాట. ఒకే రకం భోజనం చేసి, లేచిన రోజూ కూర్చున్న రోజూ రెండు గంటల తర్వాత మీటరుతో చూసుకున్నాను. తేడా స్పష్టంగా కనిపించింది. మీరూ అలాగే చూసుకోండి. మీ మీటరు చూపించినంత నమ్మకం నా మాట కలిగించదు.

సాయంత్రాల సంగతి వేరు. అప్పుడు మనల్ని సోఫాకు అతికించేదీ ఈ ఫోనే. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అనే చోట ఒక్కో యాప్‌కు రోజువారీ గడువు పెట్టవచ్చు. రాత్రి భోజనం తర్వాత వీడియోలు చూసే యాప్‌కు నేను పెట్టుకున్నాను. మా ఇంట్లో టీవీ ప్రకటనలు రాగానే అందరం లేస్తాం, పిల్లలే ముందు లేచి నన్ను లేపుతారు.

మీరు వాడే మందులేమిటో రాయలేదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతుంటే, కదలిక పెంచే ముందు డాక్టరుకు చెప్పండి, షుగరు పడిపోయే అవకాశం ఉంటుంది. చెమట, వణుకు వస్తే నడక ఆపి వెంటనే పంచదార నీళ్లు తాగి, మీటరుతో చూసుకోండి. పాదాలకు స్పర్శ తగ్గినా, పుండు ఉన్నా ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవకండి. పుండు మానేదాకా ఎంత నడవాలో డాక్టరునే అడగండి, అప్పటిదాకా కూర్చునే కాళ్లు చాచి ముడవడం చాలు. లేవగానే కళ్లు తిరిగితే అదీ డాక్టరుకు చెప్పాల్సిన విషయమే.