మూడో నంబరు కాదు, ఐదో నంబరు తీసుకోండి

ప్రశ్న: మాస్టారూ, నాకు యాభై రెండేళ్లు. సీతమ్మధారలో ఉంటాను, ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో వారానికి రెండుసార్లు ఆడతాను. ఐరన్లతో, అంటే ఇనుప తల ఉన్న క్లబ్‌లతో (గోల్ఫ్ కర్రలతో), బంతి బాగానే వెళుతుంది. దూరం కొట్టే పెద్ద తల క్లబ్, పదిహేను డిగ్రీల మూడో నంబరు వుడ్ పడితే మాత్రం తిన్నగా బయల్దేరి, సగం దారిలో కుడికి వంగి చెట్లలో పడుతుంది. ఈ కుడి వంపును, అదే స్లైస్‌ను తగ్గించే కొత్త మూడో నంబరు ఒకటి దుకాణంలో చూపించారు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కొనండి, కానీ మూడో నంబరు కాదు, ఐదో నంబరు. ఐరన్లతో బాగా వెళుతుందన్నారు కదా, జవాబు అక్కడే ఉంది. బంతి ఇంచుమించు క్లబ్ ముఖం చూసే వైపే బయల్దేరుతుంది. క్లబ్ వచ్చే దారి దానికి ఎడమగా ఉంటే కుడికి వంగుతుంది. మీ ఏడో ఐరన్ కూడా బహుశా బయటి నుంచి లోపలికే, అంటే బంతికి అవతలి వైపు నుంచి మీ వైపుకే వస్తూ ఉంటుంది. లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) ఎక్కువ కాబట్టి బంతి వెనక్కి బలంగా తిరుగుతుంది, పక్కకు వంగడం అంతగా కనబడదు. పదిహేను డిగ్రీల దగ్గర ఆ రక్షణ ఉండదు. పద్దెనిమిది, పంతొమ్మిది డిగ్రీల ఐదో నంబరుతో కొంత తిరిగి వస్తుంది. పైగా షాఫ్ట్ (క్లబ్ కాడ) కూడా కాస్త పొట్టి, ముఖం మధ్యన తగిలే అవకాశం పెరుగుతుంది.

ఏడో నంబరు ఇంకా సులువు కదా అంటారేమో. సులువే. కానీ మన కోర్సు పక్కనే సముద్రం. ఎదురుగాలి పట్టిందంటే ఏడో నంబరు బంతి పైకి లేచి అక్కడే ఆగిపోతుంది. అందుకే ఐదు దగ్గర ఆగమంటున్నాను.

ముఖం ఎత్తు తక్కువగా, తల వెడల్పుగా, బరువు వెనక్కి, కిందికి ఉన్నది చూడండి. మధ్య నుంచి కాస్త పక్కకు తగిలినా క్లబ్ అంతగా మెలి తిరగదు. హీల్ వైపు, అంటే తలలో షాఫ్ట్‌కు దగ్గరి వైపు బరువు పెట్టినవీ ఉన్నాయి. పింగ్ ఎస్ఎఫ్‌టీ, టేలర్‌మేడ్ హెచ్‌డీ అలాంటివే. వాటి ముఖం త్వరగా మూసుకుంటుంది, అంటే ఎడమకు తిరుగుతుంది. అయితే అది మీ స్వింగ్ దారిని మార్చదు. బంతి కొంచెం ఎడమగా బయల్దేరి తక్కువగా వంగుతుంది, అంతే. మెడ దగ్గర తిప్పి సర్దుకునే క్లబ్ అయితే లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచి చూడండి, ముఖం కూడా కాస్త మూసుకుంటుంది.

దుకాణంలో డబ్బు ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయండి. బంతి వెనక వైట్‌బోర్డు మార్కరుతో పెద్ద చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్‌కు ఎదురుగా ఉండేలా పెట్టి కొట్టండి. ముఖం మీద అచ్చు పడుతుంది. పది బంతులకు అచ్చులు హీల్ వైపే పడుతుంటే స్లైస్ ఇంకా పెరుగుతుంది; అప్పుడు షాఫ్ట్ పొడవు, మీరు నిలబడే దూరం చూసుకోవాలి.

పోయిన వేసవిలో నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన తన గ్లవ్ విప్పి బల్ల మీద పెట్టారు. అరచేతి మడమ దగ్గర రూపాయి బిళ్ళంత చిల్లు. ఉక్కపోతకు చేయి తడిసి, క్లబ్ జారి, అక్కడ రాసుకుని అరిగిపోయింది. జారుతుందన్న భయంతో ఆయన గట్టిగా బిగించేవారు. బిగించిన మణికట్టు తిరగదు, ముఖం తెరుచుకునే ఉంటుంది. రబ్బరు గ్రిప్‌ను సబ్బు నీళ్లతో కడిగించి, గ్లవ్ మార్పించాను. పై నుంచి చూస్తే ఎడమ చేతి పిడికిలిలో రెండు కణుపులు కనబడేలా పట్టుకోమన్నాను. కొత్త క్లబ్ ఏమీ కొనకుండానే ఆయన బంతి వంపు చాలావరకు తగ్గింది.

మీరు కూడా ముందుగా మీ గ్లవ్ చూసుకోండి. చిల్లు ఉంటే ఈ వారం ఆ పని చేసి, వచ్చే వారం దుకాణానికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మీ పాత మూడో నంబరు కూడా పట్టుకెళ్లి, రెండింటితోనూ అదే బంతి, అదే గాలి, పదేసి దెబ్బలు కొట్టి చూడండి.