మంట తగ్గితే బారెట్స్ తగ్గినట్టేనా?

ప్రశ్న: నా వయసు 54. పదేళ్లుగా గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. గ్యాసే కదా అని మెడికల్ షాపులో మాత్రలు కొని వేసుకునేవాణ్ణి. ఈమధ్య ఎండోస్కోపీ చేసి 'బారెట్స్ ఈసోఫాగస్' అన్నారు. బయాప్సీలో డిస్‌ప్లేసియా లేదని రాశారు. ఇది క్యాన్సర్‌గా మారొచ్చని నెట్‌లో చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఎలా మారుతుంది? మాత్రలతో మంట పూర్తిగా తగ్గింది, అయినా మళ్లీ ఎండోస్కోపీ చేయించుకోవాలా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన మాట 'డిస్‌ప్లేసియా లేదు' అన్నది. అంటే క్యాన్సర్‌కు ముందు కణాల్లో కనిపించే మార్పు మీకు లేదని. ఈ దశలో ఉన్న వెయ్యి మందిని ఏడాదిపాటు గమనిస్తే క్యాన్సర్ వచ్చేది ఒకరి నుంచి ముగ్గురికి. బారెట్స్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం క్యాన్సర్ రాదు. నిద్ర మానుకునేంత టెన్షన్ అక్కర్లేదు. అలాగని ఫైలు బీరువాలో పెట్టి మరిచిపోయే విషయమూ కాదు.

అన్నవాహిక, పొట్ట కలిసేచోట ఉండే కండరం వదులైతే యాసిడ్, దాంతోపాటు కొంత పైత్యరసం పైకి ఎగదన్నుతాయి. అన్నవాహిక లోపలి పొరకు యాసిడ్‌ను తట్టుకునే శక్తి తక్కువ. ఏళ్ల తరబడి ఇదే జరుగుతుంటే, పార పట్టే చేతికి కాయలు కాసినట్టు, ఆ పొర కూడా తీరు మార్చుకుంటుంది. పాత కణాలు పోయి, పేగుల్లో ఉండే రకం కణాలు వస్తాయి. లేత గులాబీ రంగులో ఉండాల్సిన చోట ఎర్రటి పాయలు పొట్ట వైపు నుంచి పైకి పాకినట్టు ఎండోస్కోపీలో కనిపిస్తాయి. 1950లో దీని గురించి రాసిన బ్రిటన్ సర్జన్ నార్మన్ బారెట్ పేరే దీనికి పెట్టారు. విచిత్రమేమిటంటే, ఆయన మొదట్లో దీన్ని అన్నవాహిక అనుకోలేదు, ఛాతీలోకి వచ్చేసిన పొట్ట భాగం అనుకున్నారు!

పొర మారినంత మాత్రాన క్యాన్సర్ కాదు. కొత్త కణాలు మళ్లీ మళ్లీ విభజన చెందే క్రమంలో కొన్నిటి డీఎన్ఏ దెబ్బతింటుంది. అలాంటి కణాలను పెరగనివ్వకుండా ఆపే టీపీ53 అనే జీన్ కూడా పాడైతే అవి అదుపు తప్పుతాయి. మైక్రోస్కోప్ కింద వాటి ఆకారం, వరస చెదిరి కనిపించడాన్నే డిస్‌ప్లేసియా అంటాం. మొదట లో గ్రేడ్ (తక్కువ స్థాయి), తర్వాత హై గ్రేడ్ (ఎక్కువ స్థాయి). హై గ్రేడ్ ఉంటే ఏడాదికి వందలో సుమారు ఆరేడుగురికి క్యాన్సర్ వస్తుంది. ఆ కణాలు పై పొర దాటి లోపలికి చొచ్చుకుపోతే అది క్యాన్సరే. ఇదంతా సాధారణంగా ఏళ్ల మీద జరుగుతుంది. చాలామందిలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. మంట తగ్గడం మంచిదే, కానీ లోపల ఏం జరుగుతోందో అది చెప్పదు. కొత్తగా వచ్చిన పొరకు యాసిడ్ తగిలినా పాతదానంత మంట అనిపించదు. పైగా మాత్రలు యాసిడ్‌ను తగ్గిస్తాయే గానీ, మారిన పొరను మామూలుగా చేసేస్తాయని చెప్పలేం. కాబట్టి ఎండోస్కోపీ చేయించుకోవాల్సిందే. ఎప్పుడన్నది బారెట్స్ పొడవును బట్టి ఉంటుంది. మీ రిపోర్టులో 'సి2ఎం4' లాంటిది రాశారేమో చూడండి. చుట్టూ మారిన భాగం 2 సెంటీమీటర్లు, అన్నిటికన్నా పొడవైన పాయ 4 సెంటీమీటర్లు అని దానర్థం. ఈ పొడవైన పాయ 3 సెంటీమీటర్ల లోపు ఉంటే 5 ఏళ్లకు, అంతకన్నా ఎక్కువుంటే 3 ఏళ్లకు మళ్లీ చూడాలి. ప్రతి 2 సెంటీమీటర్లకు నాలుగు వైపుల నుంచీ బయాప్సీ కోసం చిన్న ముక్కలు తీయాలి. పైపైన ఒకటి రెండు ముక్కలు తీసి పంపితే సరిపోదు.

ఎప్పుడైనా డిస్‌ప్లేసియా అని వస్తే, ముందు ఆ స్లైడ్లను మరో పాథాలజిస్టుకు చూపించండి. యాసిడ్ వల్ల వచ్చిన వాపు కూడా అలాగే కనిపించి పొరబడే అవకాశం ఉంది. నిజమని తేలితే ఎండోస్కోపీ ద్వారానే ఆ పొరను వేడితో కాల్చేయొచ్చు, గడ్డలా ఉన్న భాగాన్ని కోసి తీసేయొచ్చు. లోతుకు పాకని తొలిదశ క్యాన్సర్‌కూ చాలాసార్లు ఇదే సరిపోతుంది, పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు.

మాత్ర టిఫిన్‌కు అరగంట ముందు, పరగడుపున వేసుకోండి. తిన్నాక వేసుకుంటే సగం వృథా. రాత్రి భోజనానికి, పడుకోవడానికి మధ్య మూడు గంటలు ఉండాలి. దిండ్లు పేర్చుకోవడం కన్నా తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టడం మేలు. పొట్ట ఉంటే తగ్గించండి. సిగరెట్, గుట్కా అలవాటుంటే మానేయండి. మన దేశంలో అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువ భాగం యాసిడ్‌తో సంబంధం లేని మరో రకం, దానికి పొగాకు, మద్యం ప్రధాన కారణాలు. ఆస్పిరిన్ మంచిదని కూడా నెట్‌లో చదివే ఉంటారు. సొంతంగా మొదలుపెట్టకండి, పొట్టలో రక్తస్రావం అయ్యే ప్రమాదముంది.

ముద్ద ఛాతీలో అడ్డుపడుతున్నట్టున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలం తారులా నల్లగా వస్తున్నా, రక్తహీనత బయటపడినా డాక్టర్ ఇచ్చిన తేదీ వరకు ఆగకండి. ఆ వారంలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. రక్తపు వాంతి అయితే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.